కడపలో పడవ బేరం

కడపలో పడవకు బేరమాడిన మనిషి నాకు తెలిసినంతలో ఒక్కరే. ఆయన దగ్గరే నేను ఉద్యోగం చేశాను. మా పెన్న సంగతి ఈ జిల్లావాళ్ళకు చెప్పనక్కరలేదు, బయటివాళ్ళకు చెప్పినా నమ్మరు. ఏట్లో నీళ్ళకంటే ఇసుక ట్రాక్టర్లే ఎక్కువగా కనబడే చోటు. అటువంటి చోట పడవ బేరం ఎందుకొచ్చిందో చెబుతాను. ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు వింటే నవ్వుతారు. నవ్వండి. కాకపోతే ఆ పడవ మీద ఒక మనిషి ఉద్యోగమూ, అంతకంటే ముఖ్యంగా ఆయన మాటకున్న విలువా ఆధారపడి ఉన్నాయని మాత్రం మరిచిపోకండి.

మాది నల్లబండలు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీ. ఊరి బయట, రాజంపేట పోయే రోడ్డు మీద ఉండేది. మిషన్లు తిరుగుతున్నంతసేపూ రాతిపొడి కలిసిన నీళ్ళు కాలవల్లో పారుతుండేవి. సాయంత్రానికి ఎవరి బట్టలు చూసినా బూడిదరంగే. నేను టైపిస్టుగా చేరాను. టైపు మిషను పోయి కంప్యూటరు వచ్చినప్పుడు, టైపు వచ్చినదానికి కంప్యూటరు రాదా అని దాన్నీ నాకే అప్పజెప్పారు. ఎద్దులబండి తోలేవాడికి లారీ తాళాలిచ్చినట్టే ఇదీను. అయినా నేర్చుకున్నాను. బెంగళూరు, చెన్నై బిల్డర్లకు బండల ఫోటోలు పంపడం, ఆర్డర్లు అందుకోవడం, కంప్యూటరు మొరాయిస్తే వైర్లు పీకి మళ్ళీ పెట్టడం, అన్నీ నేనే.

యజమానిని అందరం పెద్దాయన అనేవాళ్ళం. తాతల నాటి నుంచీ వ్యాపారం చేసిన ఇల్లు. చిన్నప్పుడు సంతలో నేర్చుకున్న విద్య ఒకటి ఆయన చివరిదాకా వదల్లేదు. పెద్ద బేరమేదైనా తువ్వాలు కిందనే జరగాలి. భుజం మీది తువ్వాలు తీసి అవతలి మనిషి చేతిమీద కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుని నొక్కేవారు. ఏ వేలు ఎట్లా నొక్కితే ఎంత ధరో ఆ ఇద్దరికే తెలుసు. చుట్టూ ఎంతమంది నిలబడినా ఒక్కరికి అంతు చిక్కదు. పైకి మాత్రం ఇద్దరూ వానల గురించో పిల్లల చదువుల గురించో మాట్లాడుతుంటారు. క్వారీవాళ్ళతో ఇట్లా బేరం కుదుర్చుకుంటుంటే నేను పని మానుకుని చూసేదాన్ని.

అంత గుట్టు మనిషి, కంప్యూటరు దగ్గరికొచ్చేసరికి వీధి వాకిలి బార్లా తెరిచినట్టే. ఫ్యాక్టరీ మొత్తానికి ఒకటే మెయిల్, అదీ ఓ పెద్ద కంపెనీ ఊరికే ఇచ్చేది. పాస్‌వర్డ్ అందరికీ తెలుసు. పెద్దాయన గదిలో ఆయనకంటూ ఒక కంప్యూటరు ఉండేది గానీ, దానికి కుంకుమబొట్టూ ప్లాస్టిక్ కవరూ తప్ప ఇంటర్నెట్ లేదు. వచ్చినవాళ్ళకు కనబడాలని కొన్నది. దుమ్ము పడుతుందని కవరు తీయనిచ్చేవారు కారు. నిజంగా ఏదైనా చూసుకోవాలంటే, నేను క్యారియరు తీసుకుని అన్నానికి లేచినప్పుడు వచ్చి నా కుర్చీలో కూర్చునేవారు. తలుపు దగ్గరగా వేసుకుని, ఒక్క వేలితో కొట్టుకునేవారు. నేను తిరిగొచ్చేసరికి కీబోర్డు వక్కపొడి వాసన వేసేది.

ఆయన కారు నడిపే మనిషిని భాయ్ అనేవాళ్ళం. ఇల్లు దర్గా సందులో. నేను చేరేనాటికే ఆయన పాతకాపు. "కార్లో ఇన్న మాట కార్లోనే దిగిపోవల్ల" అనేది ఆయన సూత్రం. పెద్దాయన యాడికి పోయినారని ఇంట్లోవాళ్ళు అడిగినా "రోడ్డు మీదికి పోయినాం" అని చెప్పేవాడట. ఒకసారి నేనూ అడిగాను, నిన్న ఎక్కడికెళ్ళారు భాయ్ అని. ఆకాశం వంక చూసి, "ఎండగా ఉండాది కదక్కా" అన్నాడు. మళ్ళీ అడగలేదు.

ఇట్లా ఉండగా ఒకరోజు నేను కంప్యూటర్లో న్యూస్‌పేపరు తెరిస్తే, పక్కన ఒక బట్టతల మనిషి బొమ్మ. దాని పక్కనే అదే మనిషి ఒత్తయిన జుట్టుతో పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ ఇంకో బొమ్మ, కింద బెంగళూరు అడ్రసు. మర్నాడూ ఆయనే. చెన్నై ఆర్డరు మెయిల్ తెరిచినా పక్కన ఆయనే. నాకు నడుం దాకా జడ. నన్నెవర్రా బట్టతల అన్నదని మొదట ఒళ్ళు మండింది.

అప్పుడే మా సూపర్‌వైజరు క్రికెట్ స్కోరు చూడ్డానికి వచ్చాడు. ఆదోని వైపు మనిషి, పనిలో గట్టివాడే గానీ నోట్లో నువ్వుగింజ నానదు.

"ఏంది మేడం, పొద్దన్నుంచీ ఈ కంప్యూటరు ఎంటికల్లేనోళ్ళనే సూపిస్తాండాది?" అన్నాడు.

"నాకేం తెలుసప్పా" అన్నాను.

వాడు బొమ్మ చూశాడు. నా జడ చూశాడు. తన క్రాపు తడుముకున్నాడు. ఆ తరవాత మెల్లగా పెద్దాయన గది తలుపు వైపు చూశాడు. మా ఆఫీసులో బట్టతల ఒక్కటే ఉంది. ఇక చెప్పేదేముంది, వారం తిరక్కుండా ఫ్యాక్టరీ అంతా అదే మాట: "పెద్దాయన బెంగళూరులో జుట్టు పెట్టించుకుంటాండాడంట." పాలిష్ బాగా కుదిరిన బండను పెద్దాయన నెత్తితో పోల్చడం మావాళ్ళకు ముందునుంచీ అలవాటే. ఇప్పుడు "దీనికీ రోంత ఎంటికలు పెట్టిద్దామా" అని మొదలుపెట్టారు. ఆ మాట అన్నప్పుడు పెద్దాయన బండల వరస వెనకాలే నిలబడి ఉన్నారు.

ఆయన నిజంగానే విగ్గు కోసం భాయ్‌ని వెంటబెట్టుకుని బెంగళూరు వెళ్ళొచ్చారు. వర్తకుల సంఘంవాళ్ళు తమ హాల్లో ఆయన ఫోటో పెట్టాలని తీర్మానం చేశారు. గోడ మీద ఎన్నాళ్ళో ఉండే ఫోటో కదా, కొంచెం జుట్టుతో ఉంటే బాగుంటుందని ఆయన ఆశ. అందులో తప్పేముంది? ఈ సంగతి తనకూ భాయ్‌కీ తప్ప మూడో మనిషికి తెలియదని ఆయన నమ్మకం.

ఆ ఎంటికల మాట చెవిన పడిన మర్నాడు నేను ఆర్డరు కాగితాల మీద సంతకం కోసం ఆయన గదిలో నిలబడి ఉండగా భాయ్‌ని పిలిపించారు. నన్ను బయటికి వెళ్ళమనలేదు, నేనూ కదల్లేదు.

"తాళాలు ఆడ పెట్టు" అన్నారు.

భాయ్‌కి అర్థం కాలేదు. కారు ఇంకెవరికైనా కావాలేమో అనుకున్నాడు.

"నీకు తప్ప ఇంగెవురికీ తెలీదు గదప్పా. ఇన్నేండ్లు నమ్మినా నిన్ను. ఇట్ల చేస్తివే."

"నా నోట్లోంచి రాలేదు సార్."

"అయితే గోడలకు చెవులుండాయంటావా?"

"ఉంటే గోడను మార్చుకోండి సార్. మీరు మనిషిని మారుస్తాండారు" అన్నాడు భాయ్. చప్పుడు కాకుండా తాళాలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ మనిషి నోరు జారడమంటే సూర్యుడు పడమట పొడవడమే. నాకు ఆ బట్టతల బొమ్మల వెనక ఏం జరిగిందో అప్పటికప్పుడే తట్టింది కూడా. కానీ చెప్పడమెట్లా? విగ్గు అనే మాట నా నోట్లోంచి వస్తే పెద్దాయన తల ఎక్కడ పెట్టుకుంటారు? పైగా, "ఓహో, నీకూ తెలుసన్నమాట" అని ఈసారి ఆఫీసు తాళాలు నన్ను పెట్టమనేవారు. విషయం ఎత్తకుండానే విషయం చెప్పాలి.

మర్నాడు ఆయన గదిలోకి వెళ్ళి, "సార్, మన కంప్యూటరు చాడీలు చెబుతోంది" అన్నాను.

"ఏం మాట్లాడ్తాండావుమ్మా? దానికి నోరుండాదా?"

"ఉంది. పందెం వేసుకుందాం. నేను అన్నానికి పోతాను. మీకు జన్మలో అక్కర్లేని వస్తువు ఒకటి తలుచుకోండి. దాన్ని గురించి ఇంటర్నెట్లో అడగండి, రెండు మూడు అంగళ్ళు తెరిచి చూడండి, ఒకరికి ధర ఎంతని మెయిల్ కూడా రాయండి. అన్నీ చెరిపేయండి. నేనొచ్చి అదేమిటో చెబుతాను."

పందెమనగానే వ్యాపారి కళ్ళు మెరిశాయి. "నువ్వు కిటికీ దగ్గరికి రాగూడదు" అన్నారు. ఒప్పుకున్నాను.

ఆ రోజు చిత్రాన్నం ఒక్కొక్క మెతుకే తిన్నాను. తిరిగొచ్చేసరికి పెద్దాయన చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నారు. అన్నీ చెరిపేశారు. చాలదన్నట్టు కీబోర్డును తువ్వాలుతో తుడిచారు కూడా. నేను న్యూస్‌పేపరు తెరిచాను. పక్కన నీలం నీళ్ళు, కొబ్బరిచెట్లు, వాటి మధ్య తెల్లటి పడవ. ఇంకో పేజీ తెరిచాను. పడవకు పెట్టే ఇంజను. మెయిల్ తెరిచాను. కేరళలో పడవలు చవగ్గా ఇస్తామని ఒకరు.

"పడవ మనకెందుకు సార్?" అన్నాను.

పెద్దాయన చటుక్కున లేచి, కిటికీ తెరిచి బయట ఎవరైనా ఉన్నారేమో చూశారు. బల్ల కింద కూడా చూశారు. "యాడ్నుంచి చూసినావు?"

"నేను చూడలేదు సార్. అది చూసింది."

అప్పుడు నాకు తెలిసినంత చెప్పాను. మనం ఏమడిగినా ఆ పెద్ద కంపెనీలు రాసి పెట్టుకుంటాయి. మన మెయిళ్ళు వాళ్ళ యంత్రాలు చదువుతాయి. ఈ కంప్యూటరు వాడే మనిషికి ఫలానాది కావాలని అమ్మేవాళ్ళకు తెలియజేసి, వాళ్ళ దగ్గర డబ్బు పుచ్చుకుంటాయి. మనం ఇక్కడ చెరిపినా వాళ్ళు అక్కడ రాసుకున్నది చెరగదు. ఆయన తెర మీది పడవను వేలితో చూపించారు.

"అంటే పడవ ఒగటేనా? మునుపు అడిగినయ్యి కూడానా?"

"మునుపు మీరేం అడిగారో నాకేం తెలుసు సార్?" అన్నాను. నా జన్మలో అంత అమాయకమైన ముఖం ఇంకెప్పుడూ పెట్టలేదు. ఆయన నన్ను చూశారు, నేను ఆయన్ని చూశాను. తువ్వాలు తీసి తల తుడుచుకుని, "పాపం, ఆ మనిషి" అన్నారు.

సాయంత్రం నన్ను తోడు తీసుకుని ఆటోలో దర్గా సందుకు వెళ్ళారు. ఆయన కారు నడిపేవాడు లేక ఫ్యాక్టరీలోనే ఉండిపోయింది. భాయ్ లోపలికి రమ్మన్నాడు, టీ తెప్పించాడు, మర్యాదలో ఏ లోటూ చేయలేదు. పెద్దాయన పడవ కథంతా చెప్పి, మళ్ళీ పనిలోకి రమ్మన్నారు.

"రమ్మంటే రానా సార్. కానీ ఆ చాడీలు చెప్పేది ఆడనే కుర్చోనుండాది కదా. రేపు ఇంగోటి చెప్తాది, మళ్ళా నా మీదికే వస్తాది. నన్ను తీసేసినారే, ముందు దాన్ని తీసెయ్యండి. అప్పుడొస్తా."

పెద్దాయన నా వైపు తిరిగారు. "తీసెయ్యొచ్చామ్మా?"

"ఎందుకు తీయకూడదు సార్" అన్నాను ధైర్యంగా. ఎట్లా తీయాలో మాత్రం నాకు తెలియదు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అదే దిగులు.

తెలిసినవాళ్ళనీ తెలియనివాళ్ళనీ అడిగి, పత్రికలు తిరగేసి నేర్చుకున్నాను. హైదరాబాదులో ఒక చిన్న సంస్థ ఏడాదికింతని చందా తీసుకుని మెయిల్ ఇస్తుందని తెలిసింది. మన ఉత్తరాలు చదవరు, పక్కన ప్రకటనలు పెట్టరు. ఈ మాట విని సూపర్‌వైజరు గుండెలు బాదుకున్నాడు.

"ఊరికే వచ్చేదాన్ని ఇడిసిపెట్టి దుడ్లు కట్టేదేంది మేడం?"

పెద్దాయనే జవాబు చెప్పారు. "ఊరికే ఇచ్చే అంగడి నువ్వు యాడన్నా చూసినావా అప్పా? వ్యాపారం చేసే నాకే ఇన్నేండ్లు తోచకపాయె."

వెతకడానికి, అడిగినవాళ్ళ పేరూ ఊరూ రాసి పెట్టుకోబోమని మాటిచ్చే కొత్త సర్వీసు ఒకటి పట్టుకున్నాను. పాపం అది అప్పటికి పసిది. కడప బండ గురించి అడిగితే ఎక్కడో విదేశంలో సమాధిరాళ్ళు చూపించేది. దానికి రెండు మూడు రకాలుగా మార్చి మార్చి అడగడం నేర్చుకున్నాం. ఇంటర్నెట్ తెరిచే సాఫ్ట్‌వేరునూ మార్చాను. మూసేయగానే జాడలన్నీ తుడిచేసుకునేది, ప్రకటనలను గుమ్మంలోనే ఆపేది. దాని వల్ల క్రికెట్ పేజీ సగం తెరుచుకుని ఆగిపోయేది. సూపర్‌వైజరు నాతో మాట్లాడ్డం మానేశాడు, ఫ్యాక్టరీకి కొంత ప్రశాంతత దొరికింది. బిల్డర్లందరికీ ఫోన్లు చేసి కొత్త మెయిల్ చెప్పాల్సి వచ్చింది. చెన్నైలో ఒకాయన, ఫ్యాక్టరీ అమ్మేశారా అని పరామర్శించాడు.

పాత మెయిల్ మూసే రోజున పెద్దాయన నన్ను ఆపారు. "ఉండుమ్మా. దాన్ని వట్టిగా పోనియ్యగూడదు" అన్నారు. పోటీ వ్యాపారిని తప్పుదారి పట్టించడానికి సంతలో లేని పుకారు పుట్టించడం ఆయనకు తెలిసిన పనే. ఆ మధ్యాహ్నమంతా నా కుర్చీలో కూర్చుని ఒంటెల ధరలు అడిగారు, మంచులో వేసుకునే బూట్లు అడిగారు, కాన్పుల ఆసుపత్రులు అడిగారు. ఆ కంపెనీ లెక్కలో మా బండల ఫ్యాక్టరీ ఒంటెనెక్కి మంచుకొండలకు పోయే బట్టతల గర్భిణి అయి ఉండాలి. నేను నవ్వు ఆపుకోలేక బయటికెళ్ళి కొళాయి కింద ముఖం కడుక్కున్నాను.

ఆ వారంలోనే పడవల ఆయన ఫోన్ చేశాడు. పందెం కోసం రాసిన మెయిల్లో పెద్దాయన అలవాటు కొద్దీ ఫ్యాక్టరీ నంబరు కూడా పెట్టారు మరి. పొరపాటున రాశామని చెప్పి పెట్టేయొచ్చు. కానీ ఎదటివాడు ధర చెప్పాక బేరమాడకుండా ఫోన్ పెట్టడం ఆయన ఒంట్లో లేదు. వచ్చీరాని అరవంలో మొదలుపెట్టారు. మీ ఊళ్ళో నది ఉందా అని అతను అడిగినట్టున్నాడు. "నది ఉండాది, నీళ్ళదేముందిలే, అవి వస్తాయి పోతాయి, నువ్వు ధర చెప్పు" అని దాన్నే అరవంలోకి తిప్పి చెప్పారు. దించారు, దించారు, చివరికి అతనే విసిగి ఫోన్ పెట్టేశాడు. దాన్నీ ఆయన తన గెలుపుకిందే వేసుకున్నారు.

అంతా సిద్ధమయ్యాక భాయ్‌కి కబురు పంపాం. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. అన్నేళ్ళలో ఆయన నా కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి.

"నేనేం అడిగేదీ ఎవురూ చూడొద్దు" అన్నాడు.

అందరం వరండాలోకి వచ్చేశాం. పెద్దాయన కూడా ఎండలో నిలబడ్డారు. లోపల్నుంచి ఒక్కొక్క అక్షరం వెతికి కొడుతున్న చప్పుడు వినబడుతోంది. ఎక్కడో నేను మూయని కంత ఒకటి మిగిలిపోయి, ఏ పాడు బొమ్మో పక్కన నిలబడిందంటే, ఈ మనిషి ఇక రాడు. కాసేపటికి పిలిచాడు. న్యూస్‌పేపరు తెరిచాను. వార్తలే ఉన్నాయి. పక్కన తెల్లగా, ఖాళీగా ఉంది. మెయిల్ తెరిచాను, ఉత్తరాలు తప్ప ఏమీ లేదు. సూపర్‌వైజరు తెర వెనక్కి కూడా వెళ్ళి చూసొచ్చాడు. భాయ్ తృప్తి పడలేదు. మర్నాడు మళ్ళీ వచ్చి చూశాడు, ఆ మర్నాడూ వచ్చాడు. అప్పుడు తల ఊపాడు.

పెద్దాయన భుజం మీది తువ్వాలు తీశారు. మేమంతా చూస్తుండగానే భాయ్ చేతిమీద కప్పి, దాని కింద ఆయన వేళ్ళు పట్టుకున్నారు.

"ఈసారి చెనిక్కాయ పంట ఎట్లుండాదంట?" అన్నారు పైకి.

"వాన కావల్ల సార్" అన్నాడు భాయ్.

"పిల్లోల్లు బాగుండారా?"

"బాగుండారు సార్."

మామూలు బేరాలకు పట్టేంత సేపు కాదు, చాలాసేపు పట్టింది. తువ్వాలు కింద ఏవో కదులుతున్నాయి, ఆగుతున్నాయి, మళ్ళీ కదులుతున్నాయి. ఒక దశలో భాయ్ తల అడ్డంగా ఊపాడు. పెద్దాయన కళ్ళు చెమర్చాయి, అది నేను చూశాను. చివరికి భాయ్ నవ్వాడు. తువ్వాలు తీసేసరికి కారు తాళాలు భాయ్ చేతిలో ఉన్నాయి.

విగ్గు మాత్రం రాలేదు. ఫోటో తీయించుకునే రోజున పెద్దాయన తన మామూలు నున్నటి తలతోనే బయల్దేరారు. ఆయనే చెప్పారు, "అందరికీ తెలిసిపోయినాక పెట్టుకుంటే ఏం బాగుంటాదిమ్మా" అని. అప్పటిదాకా ఆ కథలో నవ్వే ఎక్కువగా కనబడింది నాకు. ఆ మాటతో ఆ నవ్వు ఆగిపోయింది. ఒక పెద్దమనిషి చిన్న ముచ్చట పడ్డాడు, దాన్ని తనకిష్టమైనప్పుడు తనే బయటపెట్టుకునేవాడు. ఎవడో ఊరూ పేరూ తెలియనివాడు లాభం కోసం ముందే దండోరా వేశాడు. దాని మీద నాకు ఇప్పటికీ కోపమే. ఈనాడు మీ జేబుల్లో ఉన్న ఫోన్ల ముందు మా కంప్యూటరు మూగదాని కిందే లెక్క. నేను రిటైరైనా నా ఫోన్లో వెతకడానికీ ఉత్తరాలకీ అటువంటి గుట్టు తెలిసినవే పెట్టుకున్నాను. మా అక్క మనవరాలు నన్ను చూసి, "నీ దగ్గర దాచేంత రహస్యాలేముండాయి అవ్వా" అని ఎగతాళి చేస్తుంది. ఏమీ లేకపోయినా తలుపు వేసుకునే స్నానం చేస్తాం కదే అని చెప్పాను.

ఆ ఫోటో సంఘం హాల్లో ఇప్పటికీ ఉంది. బట్టతల, భుజం మీద తువ్వాలు. పెద్దాయన ఇప్పుడు లేరు. ఈమధ్య ఏదో పెళ్ళికి వెళితే ఆ హాల్లోనే భాయ్ కనబడ్డాడు. కారు నడపడం మానేశాడు, గడ్డం నెరిసింది. ఫోటో కింద ఇద్దరం కాసేపు కూర్చున్నాం. పెద్దాయన లేరు కదా, ఇంతకాలమైంది కదా అని, అన్నేళ్ళు నా మనసులో దాచుకున్నవి రెండూ అడిగేశాను. ఆ రోజు తువ్వాలు కింద పెద్దాయన ఏం చెప్పారు భాయ్? నా కంప్యూటర్లో నువ్వు ఏం అడిగావు?

భాయ్ ఫోటో వంక చూశాడు. తరవాత కిటికీలోంచి బయటికి చూశాడు.

"ఎండగా ఉండాది కదక్కా" అన్నాడు.